నా సమక్షంలో

ఆగస్టు 4, సోమవారం. సాయంత్రం 5

మణుగూరు నుంచి మహిమ అనే ఆమె భద్రాచలంలో నా ఆఫీసుకు వచ్చింది. ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో ఒకే ఒక్క కాగితం. అదీ జిరాక్స్. కింద నోటరీ సీల్. నాదే.

ఆమె భర్త ప్రభు. మణుగూరులో కాంట్రాక్టు మీద క్యాంటీన్ వంటమనిషి. ఏదో లాజిస్టిక్స్ క్యాంపులో వంట పని అని మార్చిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు విదేశం పంపారు. ఇప్పుడు ఆ దేశపు సైన్యం యూనిఫాం వేసుకుని ఉన్నాడు. ఆ సైన్యం కొన్నేళ్లుగా పక్క దేశంలోకి దూరి యుద్ధం చేస్తోంది. దేశాల పేర్లు ఇక్కడ రాయను. డైరీ కూడా ఎవరైనా అడిగితే ఎగ్జిబిట్ అవుతుంది.

కాగితంలో రెండు కాలమ్‌లు. ఎడమవైపు వాళ్ల లిపి, కుడివైపు ఇంగ్లిష్. నేను ఇష్టపూర్వకంగా సైన్యపు సహాయక సేవలో చేరుతున్నాను, ఆ సైన్యం ఏ భూభాగంలో ఉంటే ఆ భూభాగంలో పనిచేస్తాను అని ఉంది. ప్రభు సంతకం. దాని కింద, చదివి వినిపించగా అర్థం చేసుకుని నా సమక్షంలో సంతకం చేసినారు అని నా ధ్రువీకరణ. మార్చి 11.

మోసపోయి వెళ్లినవాళ్లను వెనక్కి పంపమని మనవాళ్లు ఆ దేశాన్ని అడుగుతున్నారట. జాబితా తయారవుతోంది. ఇష్టపడి చేరినవాళ్ల పేర్లు అందులో ఉండవు. ప్రభు ఇష్టపడి చేరాడనడానికి ఈ కాగితం ఉందని ఢిల్లీ నుంచి ఫోన్లో చెప్పారట. కాదనడానికి ఏదైనా ఆధారం ఉంటే ఆగస్టు 29 లోపల పంపమన్నారు.

మీరు కొట్టిన ముద్రే గదా మేడం, మీరే తియ్యాలె అన్నది మహిమ.

కొట్టిన సీల్ తీయడం అంటూ ఏదీ ఉండదని చెప్పాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూసినట్టు. బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

ప్రభు ఎవరో నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఆగస్టు 5, మంగళవారం

రిజిస్టర్ తీశాను. నంబరు 412. పేరు, ఊరు, డిక్లరేషన్, సంతకం. చక్కని అక్షరాలు. తప్పుపట్టడానికి ఏమీ లేదు. నా రిజిస్టర్ ఎప్పుడూ నీట్‌గా ఉంటుందని జిల్లా జడ్జి ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

చెంచురామయ్యను అడిగాను. కోర్టు గేటు దగ్గర కాగితాలు తయారుచేసి నా దగ్గరికి తెచ్చేది అతనే. టైపు మిషన్ పోయి లాప్‌టాప్ వచ్చి పదేళ్లయినా అందరూ టైపు చెంచురామయ్య అనే అంటారు. ఆ రోజు పదకొండు పెట్టినం మేడం అన్నాడు వేలితో రిజిస్టర్ మీద లెక్కపెట్టి. వీటిల్ల ఎవరొచ్చిండ్రో ఎవరు రాలేదో ఆ రాములవారికే ఎరుక, సీలు కొట్టేటప్పుడు మీరు మొహాలు చూస్తరా ఏంది అన్నాడు. నవ్వాను. అతనూ నవ్వాడు. అతను ముందు ఆపేశాడు.

బయటివాళ్లకు ఇది అర్థం కాదు. మాది ఏజెన్సీ. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చట్టం. రిజిస్ట్రేషన్ జరగదు. అయినా ఇళ్లు, స్థలాలు చేతులు మారుతూనే ఉంటాయి, తెల్లకాగితం మీద, నోటరీ సీల్‌తో. చదివితే సీల్ కొట్టలేం. కొట్టాలంటే చదవకూడదు. నేను ప్రాక్టీసుకు వచ్చిన కొత్తలో చదివేదాన్ని. క్లయింట్లు నొచ్చుకునేవాళ్లు. ఇక్కడ చదవకపోవడం ఒక మర్యాద. ఆ మర్యాద మెల్లగా అన్ని కాగితాలకూ పాకింది.

ప్రభు కాగితంలో ఇంగ్లిష్ భాగం పందొమ్మిది లైన్లు. ఇవాళ టైం చూసుకుని చదివాను. నిమిషమున్నర పట్టింది.

ఆగస్టు 7, గురువారం. మధ్యాహ్నం

పాత శిక్షాస్మృతిలో ఒక సెక్షన్ ఉండేది. ప్రభుత్వంతో శాంతిగా ఉన్న ఆసియా రాజ్యం మీద యుద్ధం చేస్తే నేరం. ఆసియా అని తెల్లవాళ్లు ఎందుకు రాశారో లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కొత్త సంహితలో అది 153 అయింది. ఆసియా పోయింది. భారత్‌తో శాంతిగా ఉన్న ఏ విదేశీ రాజ్యమైనా సరే. యావజ్జీవం దాకా వేయొచ్చు.

అంటే ప్రభు ఇష్టపడి చేరి ఉంటే వెనక్కి రాలేడు. వచ్చినా ఇక్కడ ముద్దాయి కావచ్చు. మోసపోయి ఉంటే బాధితుడు. మనిషి ఒక్కడే, యూనిఫాం ఒక్కటే. తేడా ఆ కాగితం.

వంటవాడు కదా అనుకున్నాను. యుద్ధ చట్టంలో వంటవాడికి మినహాయింపు లేదు. సైన్యంలో ఉన్నవాళ్లలో వైద్య సిబ్బంది, మతబోధకులు తప్ప అందరూ యోధులే. గరిటె పట్టుకున్నా తుపాకీ పట్టుకున్నా శత్రువు కాల్చవచ్చు. కాల్చడం చట్టబద్ధమే.

ఉస్మానియాలో నా ఎల్ఎల్ఎం డిసర్టేషన్ ఇదే. ఆహ్వానం మీద సైనిక జోక్యం. ఒక దేశం సైన్యం ఇంకో దేశంలోకి వెళ్తే నేరం. ఆ దేశమే పిలిస్తే నేరం కాదు. కాబట్టి ప్రతి సైన్యమూ పిలిచారనే అంటుంది. కొన్నిసార్లు సైన్యం ముందు వెళ్తుంది, పిలిచిన ఉత్తరం తర్వాత పుడుతుంది. ఆ ఉత్తరాల మీద నూట నలభై పేజీలు రాశాను. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందై ఉండాలి, అధికారం ఉన్నవాళ్లు ఇచ్చిందై ఉండాలి, నిజంగా ఇచ్చిందై ఉండాలి. ఎంత ధైర్యంగా రాశానో. ఇరవై నాలుగేళ్లప్పుడు అన్నీ తెలుసు.

ఆగస్టు 8, శుక్రవారం

వాన. కోర్టు బాయ్‌కాట్. రెండు కాగితాలు వచ్చాయి, రెండూ చదివాను, రెండూ వెనక్కి పంపాను. చెంచురామయ్య రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆగస్టు 12, మంగళవారం

మణుగూరు వెళ్లాను. వెళ్లక్కర్లేదు. క్లయింటు ఇంటికి అడ్వకేటు వెళ్లడం పద్ధతి కాదు. మహిమ నాకు క్లయింటా, సాక్షా, రేపు నా మీద ఫిర్యాదు చేయబోయే మనిషా అన్నది కూడా తేలలేదు. అయినా వెళ్లాను.

ప్లాంటు ఉద్యోగుల కాలనీ గోడ అవతల చర్చి వీధి. రెండు గదుల ఇల్లు. ప్రభు తల్లి ముత్యాలమ్మ గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. మీరు గూడ పోలీసోళ్లేనా అని అడిగింది.

శనివారం ఇంటెలిజెన్స్ అని చెప్పి ఇద్దరు వచ్చారట. ప్రభు వంట చేసింది భద్రత ఉన్న ప్లాంటు క్యాంటీన్లో. అక్కడ పనిచేసినవాడు పరాయి సైన్యంలో తేలాడు కాబట్టి వాళ్లు అడగాల్సిందే. ఫోటోలు తీసుకుపోయాడా, లోపలి సంగతులు ఇంట్లో చెప్పేవాడా అని అడిగారట. మావోనికి సాంబారు మర్మం తప్ప ఇంకే మర్మం తెల్వదు సారూ, కావాల్నంటే అది రాసుకోండ్రి అని చెప్పిన అన్నది ముత్యాలమ్మ. రాసుకున్నారట. ఒకాయన నిజంగానే చింతపండు ఎంత అని అడిగాడట.

మతబోధకులకు మినహాయింపు ఉందని నోరు జారాను. ముసలామె చేతిలో పని ఆపింది. మావోడు చర్చిల పాటలు పాడేటోడు, డోలక్ గూడ కొడ్తడు, పాస్టరని రాసియ్యి బిడ్డా, నీకు ముద్ర ఉన్నది గదా అన్నది. ఎగతాళి చేస్తోందా నిజంగానే అడుగుతోందా తెలియలేదు.

మహిమ చాయ్ ఇచ్చింది. మీ ఆయన మార్చి 11న నా దగ్గరికి రాలేదని రుజువు చేయగలిగితే దారి దొరుకుతుందని, ఆ రోజు ఆయన ఎక్కడున్నాడో చెప్పమని అడిగాను.

డ్యూటీల ఉన్నడు మేడం, పొద్దటి షిఫ్టు అన్నది.

మరి రిజిస్టర్లో ఆ సంతకం ఎవరిది అన్నాను.

ఆమె నన్ను మళ్లీ అలాగే చూసింది, మొదటి రోజు చూసినట్టు. తర్వాత మెల్లగా, నాదే మేడం, మీ ముంగటనే పెట్టిన, మీరే జల్దీ పెట్టమ్మా అన్నరు అంది.

ప్రభు ఏడో తరగతి. మహిమ ఇంటర్. ఆ ఇంట్లో బ్యాంకులో, రేషన్ షాపులో, కూతురు ఆరాధన చదివే స్కూల్లో, గ్యాస్‌కు, ఎక్కడైనా ప్రభు అనే సంతకం మహిమే పెడుతుంది. పెళ్లయినప్పటి నుంచీ. మా ఇంట్ల సంతకాలన్నీ నావే అని చెప్పింది, నీళ్లు తెచ్చేది నేనే అని చెప్పినట్టు. కన్సల్టెన్సీ వాళ్లు కాగితం ఇచ్చి నోటరీ చేయించుకు రమ్మన్నారు. ప్రభుకు షిఫ్టు. ఆధార్ కార్డు తీసుకుని ఆమె బస్సెక్కింది. నా టేబుల్ ముందు నిలబడి, నేను చూస్తుండగా, భర్త పేరు రాసింది. డిక్లరేషన్ మీద ఒకసారి, రిజిస్టర్లో ఒకసారి. నేను ఫోన్లో మాట్లాడుతున్నానట.

నాకు గుర్తుందని, గుర్తు లేనట్టు నటిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకుందట. పెద్దోళ్లకు గట్ల అవసరముంటది గదా అని ఊకున్న అన్నది.

ఆర్మీ అని ఆయనకు ముందు తెలుసా అని అడిగాను. ఆర్మీ క్యాంటీన్ అని తెలుసు, యుద్ధమని తెల్వదు అంది. తర్వాత, కొంచెం తెలుసేమో మేడం, నాకు చెప్పలేదేమో అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

ఆగస్టు 13, బుధవారం

ఇదే డైరీలో మార్చి 11 చూశాను. ఎండ మొదలైంది, విశేషం లేదు అని రాసి ఉంది.

ఆగస్టు 16, శనివారం. ఉదయం 11

జయప్రకాశ్ గారింటికి వెళ్లాను. ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి బూర్గంపాడు దగ్గర పొగాకు వేశారు. కొడుకు మాత్రం ఏజెన్సీ చట్టాలు వేశాడని బార్ అసోసియేషన్‌లో జోకు. ఆయనకు డెబ్బై ఒకటి నడుస్తోంది. అంతా విన్నారు.

అఫిడవిట్ ఇస్తావా, ఏమనిస్తావమ్మా అన్నారు. ఆ మనిషి నా ముందుకు రాలేదు, ఆ సంతకం అతనిది కాదు, నేను చదివి వినిపించలేదు అని ఇస్తానన్నాను. అంటే పదేళ్లు నువ్వు కొట్టిన సీళ్లన్నీ ఉత్తవని నువ్వే చెప్పుకుంటావన్నమాట, నవంబర్‌లో నోటరీ రెన్యువల్ పెట్టుకుని అన్నారు. ఆ అమ్మాయి మీద ఫోర్జరీ, నీ మీద తప్పుడు ధ్రువీకరణ. ఒకడిని తెద్దామని ఇద్దరు ఆడవాళ్లు లోపలికి పోతారా, ఏం లెక్కమ్మా ఇది అన్నారు.

ఆయన స్వరం తగ్గించారు. గోదావరి పెరుగుతోంది, ఈ వారంలో రెండో హెచ్చరిక వస్తుందంటున్నారు, నీ ఆఫీసు గ్రౌండ్ ఫ్లోరే కదా అన్నారు. నేను తలూపాను. ఎనభై ఆరులో, మొన్న ఇరవై రెండులో గోదారికి ఎన్ని రికార్డులు ఇచ్చుకున్నాం, ఇంకొకటి ఇచ్చుకుంటే తల్లి కాదంటుందా అన్నారు. రిజిస్టర్ పోయింది, గుర్తు లేదు, ధ్రువీకరణ గురించి ఏమీ చెప్పలేను అని రాసివ్వొచ్చు. అది ప్రభుకు కాస్త పనికొస్తుంది, నన్నూ ముంచదు. ఆయన చెప్పిన ఉపాయం చెడ్డది కాదు. అదే ఇబ్బంది.

టిఫిన్ తినేదాకా వదల్లేదు. ఇడ్లీ బాగుంది.

ఆగస్టు 20, బుధవారం

నలభై మూడు అడుగులు. మొదటి హెచ్చరిక. వీధిలో అందరూ సామాను పైకి ఎక్కిస్తున్నారు. నేను కంప్యూటరు, లా జర్నళ్లు పైకి పంపించాను. రిజిస్టర్ల బీరువా కింద అర గురించి కూలీలు అడిగారు. రేపు చూద్దామన్నాను.

ఆగస్టు 21, గురువారం. ఉదయం 7

నలభై ఎనిమిది దాటిందని మైకులో చెబుతున్నారు. కరకట్ట స్లూయిస్ తూము దగ్గర నీరు ఊళ్లోకి వెనక్కి తంతోంది. ఆఫీసు ఇంటి నుంచి పది నిమిషాల నడక. నేను వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో రాసుకోవాలి. ముంచాలని కాదు. కాపాడాలని కూడా కాదు. నది ఏదో ఒకటి తేల్చేస్తే బాగుండునని.

ఆగస్టు 22, శుక్రవారం

ఆఫీసులో మోకాలి లోతు నీళ్లు వచ్చి పోయాయి. కింద అర ఖాళీగా ఉంది. కొట్టుకుపోయాయనుకున్నాను. ఛాతీ తేలికైంది. అబద్ధం రాయను, తేలికైంది.

పదకొండుకు చెంచురామయ్య వచ్చాడు. భుజం మీద యూరియా సంచి. లోపల ఆరు రిజిస్టర్లు, ఒక్కటీ తడవలేదు. నిన్న తెల్లారకముందే తన తాళంచెవితో తీసి మోసుకుపోయి వాళ్ల అక్క మేడ మీద పెట్టాడట.

412 సంగతి నీకు తెలుసు కదా, ఇది బయటపడితే గేటు దగ్గర నీ టేబుల్ కూడా ఉండదు కదా అన్నాను. తెల్వకేంది మేడం, సగం దూరం పోయినంక యాదికొచ్చింది అన్నాడు. మరి వెనక్కి తీసుకొచ్చి పెట్టొచ్చుగా అన్నాను. మోకాళ్ల దాక నీళ్లున్నయి, మళ్లెవడు పోతడు అన్నాడు. తర్వాత సంచి దులుపుతూ, రికార్డు తడిస్తే మనసొప్పది మేడం, ముప్పై ఏండ్ల అలవాటు అన్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

ప్రభు మహిమకు లొకేషన్ పంపాడు. ఆమె నాకు పంపింది. కింద అతని వాయిస్. ఏడనో అడవిల ఉన్నం, చలి షురూ అయింది, నలభై మందికి వండుతున్న, ఏ దేశమో ఎవ్వడు చెప్తలేడు, మేడంను అడుగు, మ్యాప్ చూసి చెప్తది అంటున్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వుతున్నారు.

మ్యాప్ చూశాను. చుక్క సరిహద్దుకు అవతల, ఇరవై కిలోమీటర్ల లోపల.

డిసర్టేషన్లో ఒక ఫుట్‌నోట్ ఉంది. పిలిచిన దేశం పెట్టిన షరతు దాటి సైన్యం అక్కడే ఉంటే అది దురాక్రమణే అని ఐక్యరాజ్యసమితి తీర్మానం, 1974. సమ్మతికి హద్దులుంటాయి. ఇంతవరకే అన్నవాడిని అంతకుమించి లాక్కెళితే సమ్మతి అక్కడే ఆగిపోతుంది. ప్రభు ఎంతవరకు ఒప్పుకున్నాడు? క్యాంటీన్ దాకా. కొంచెం తెలిసి ఉంటే ఇంకొంచెం దూరం. ఈ చుక్క దాకా అయితే కాదు. అతని తరఫున మహిమ ఒప్పుకుంది. ఆమె ఒప్పుకున్నది తనకు తెలియని దానికి. వీళ్లిద్దరికీ తెలుసని నేను సీల్ కొట్టి ఒప్పుకున్నాను.

ఏ దేశమో మహిమకు చెప్పాను. అది మంచిదా మేడం, చెడ్డదా అని అడిగింది.

ఆగస్టు 26, మంగళవారం

డ్రాఫ్ట్ రాశాను. నాలుగు పేరాలు. మూడో పేరాలో, సదరు సంతకం ప్రభు కాక మరొక వ్యక్తి చేసినారు అని పెట్టాను. ఆ వ్యక్తి ఎవరో రాయలేదు. నా మీద తప్పు ఒప్పుకోగలను, ఆమె మీద నేనెట్లా ఒప్పుకుంటాను?

మహిమకు చదివి వినిపించాను. ఎవరో అంటే ఎవరు నమ్ముతరు మేడం, నా పేరు రాయుండ్రి అన్నది. కేసు పెట్టొచ్చు, పాప ఉంది, అత్త ఉంది అని చెప్పాను. అవ్, పెడ్తే పెట్టనీ, ఆయనొచ్చి బెయిలిస్తడు అన్నది. నవ్వి అన్నది కానీ నవ్వులాట కాదు.

ఈ ధైర్యం ఆమె సొంతమా, ఇంకో దారి లేక వచ్చిందా? ఇంకో దారి లేకపోతే అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు. డిసర్టేషన్లో నేనే రాశాను. అయినా పేరు చేర్చాను. ఆమె వేరే అఫిడవిట్ ఇస్తానంది. అందులో మొదటిసారి తన పేరే పెట్టాలి. రెండుసార్లు కాగితం పాడుచేసింది, చెయ్యి అలవాటుగా ప్రభు అని రాసేస్తోంది.

ఆగస్టు 28, గురువారం. రాత్రికి ముందే రాస్తున్నాను, ఖమ్మం బస్టాండులో

నా అఫిడవిట్ మీద నేనే సీల్ కొట్టుకోలేను. భద్రాచలంలో, కొత్తగూడెంలో నోటరీలందరూ తెలిసినవాళ్లు. అందుకని ఖమ్మం.

కోర్టు గేటు దగ్గర గొడుగు కింద టేబుల్. ముందు ఏడుగురు. నా వంతు వచ్చేసరికి ఆయన ఫోన్లో ఉన్నాడు. కాగితాలు లాక్కుని, టక టక టక, రెండింటి మీదా సీల్ కొట్టేశాడు. నన్ను చూడలేదు. నా వెనక నిలబడ్డ మహిమను చూడలేదు. నెక్స్ట్ అన్నాడు.

చదవండి సార్ అన్నాను.

ఏమున్నదమ్మా, కరెక్టే ఉంటది అన్నాడు. చదవకుండా మీరు కొడితే ఇది చెల్లదు, ఇందులో ఉన్నదే అది అన్నాను. వెనక లైన్లో ఎవరో, ఈమె కోసం ఇంకో నోటరీని పిలువుండ్రి అన్నారు. ఆయన విసుగ్గా ఫోన్ పెట్టేసి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేరా దగ్గర కళ్లజోడు సర్దుకున్నాడు. అయిపోయాక నన్ను చూశాడు. మీరు గూడ నోటరీయేనా అన్నాడు. అవునన్నాను.

ఇది ఢిల్లీ పోతదా అన్నాడు. పోతుందన్నాను. చాలాసేపు కాగితం తిప్పి తిప్పి చూశాడు. సీల్ పడిపోయింది కాబట్టి ఇంక ఆయన చేసేదేమీ లేదు. చదివి ఉంటే కొట్టేవాడిని కాదని మాత్రం చెప్పాడు. నిజాయితీగానే చెప్పాడు.

స్కాన్ చేసి మెయిల్ పంపాము. నాలుగు ఇరవైకి. ఒరిజినల్స్ స్పీడ్ పోస్ట్.

మహిమ బస్టాండులో రెండు సమోసాలు కొని ఒకటి నాకిచ్చింది. ఇప్పుడు వస్తడు గదా మేడం అన్నది. రావాలి అన్నాను. లాయర్లం వస్తాడు అని ఎప్పుడూ అనం.

సెప్టెంబర్ 9, మంగళవారం. ఉదయం 10

మహిమ సంతోషంగా వచ్చింది. ప్రభు వాయిస్ వినిపించింది. పెద్దది, మూడు నిమిషాలు. ఆఫీసర్లు తన ఫైలు అడిగి తీసుకుపోయారట, ఇంటికి పంపడానికేమోనని అందరూ అంటున్నారట. అందరికీ పులిహోర చేసి పెట్టాడట, నిమ్మకాయ లేక ఏదో పుల్లటి ఊరగాయ నీళ్లు పోసి.

మధ్యలో ఇంకో సంగతి చెప్పాడు. దాన్ని మహిమ పట్టించుకోలేదు. ఇక్కడ పది రోజులకోసారి రేషన్ పుస్తకంల సంతకం పెట్టాలె, మొదట్ల నాకొచ్చినట్టు పెడితే ఫైల్ల ఉన్నట్టు లేదని రొట్టె ఇయ్యలే, ఆ కాయిదం ఫోటో కొట్టి వారం రోజులు దిద్దుకున్న, ఇప్పుడు చూడకుండ పెడ్తున్న అన్నాడు.

ఎప్పటి నుంచి పెడుతున్నాడో కనుక్కో అన్నాను. ఏప్రిల్ సంది మేడం అన్నది. ఏమైంది అన్నది.

ఏమీ లేదన్నాను.

సెప్టెంబర్ 11, గురువారం

రెండో అఫిడవిట్ పంపాను. మహిమ పెట్టిన సంతకాన్నే ప్రభు దిద్దుకున్న సంగతి, రొట్టె సంగతి రాసి, వాయిస్ జతచేసి. గడువు తర్వాత వచ్చినవి స్వీకరించబడవు అని ఆటోమేటిక్ జవాబు.

సెప్టెంబర్ 15, సోమవారం

లా డిపార్ట్‌మెంట్ నుంచి షోకాజ్ నోటీసు. ఇరవై ఒక్క రోజుల్లో సంజాయిషీ. చెంచురామయ్య వాన లేకపోయినా గేటు దగ్గరి టేబుల్ మీద పట్టా కప్పి తాడు కట్టేశాడు. ఎందుకు కట్టాడో నేను అడగలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఢిల్లీ నుంచి మెయిల్. ఏప్రిల్ నుంచి రేషన్ పుస్తకంలో ఉన్న సంతకాలన్నీ డిక్లరేషన్ మీది సంతకంతో సరిపోయాయి. అతని పేరు జాబితాలో చేర్చడం కుదరదు.

మహిమకు మొత్తం చదివి వినిపించాను. కింద ఆ సంతకాల స్కాన్ ఉంది, పదిహేను. చూస్తానంది. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చూసింది. చివరిదాకా వచ్చి, నవ్వింది.

అచ్చం నా లెక్కనే పెట్టిండు మేడం అన్నది.